పసుపు పెట్టిన నిక్కరు

జంగారెడ్డిగూడెం,
3-4-1998.

చిరంజీవి వెంకటరాజుకి,

మీ బావ చంద్రరావు దీవిస్తూ రాస్తున్నది. ఇక్కడ నా కుడి మోచెయ్యి తప్ప అందరం క్షేమం. యానాంలో నువ్వూ, దేవకుమారీ, పిల్లలూ, నీ కుట్టుమిషన్లూ కులాసాయే అనుకుంటాను.

ఇంట్లో ఫోనుండగా బావ ఉత్తరం రాశాడేంటని అనుకుంటున్నావు కదూ? ఫోను హాల్లో ఉంది. హాల్లో మీ అక్క రత్నమాణిక్యం ఉంటుంది. ఈ సంగతి ఆవిడ చెవిన పడకూడదు. చదివి చింపెయ్యి.

మన పావని పెళ్ళి మే ఇరవై ఒకటిన కదా. శుభలేఖలు అచ్చయి వచ్చాయి. మూడు వందల ఇళ్ళు తిరగాలి. ఆడపిల్ల తండ్రిని, పైగా పామాయిల్ రైతుల సంఘానికి ప్రెసిడెంటుని. పోస్టులో పంపితే ఒక్కడూ రాడు. ఇంటికెళ్ళి చేతికిచ్చి పిలవాలి. సరేనని మోపెడ్ మీద బయల్దేరాను. మొన్న బస్టాండు దగ్గర నా లుంగీ చెయిన్లో పడింది. బండి ఆగింది గాని నేను ఆగలేదు. లుంగీ మాత్రం బండి దగ్గరే ఉండిపోయింది. ఇంతకన్నా వివరంగా రాయలేను. మూడు బస్సుల జనం చూశారు. రోడ్డు మీద పడ్డ శుభలేఖలు ఎవరో ఆవిడ ఏరి, మొహం అటు తిప్పుకుని ఇటు చెయ్యి చాపి ఇచ్చింది.

ఇక బండి ఎక్కితే లుంగీ గాని పంచె గాని కట్టడానికి వీల్లేదని మీ అక్క ఆర్డరు. పోనీ ప్యాంటు వేసుకుందామంటే ఒళ్ళంతా చెమటకాయలు. డాక్టరు గాలి తగలాలన్నాడు. ప్యాంటుతో పది ఇళ్ళు తిరిగేసరికి నా నడకే మారిపోయింది. చూసినవాళ్ళు "ఏంటండీ, కాళ్ళకి దెబ్బా?" అని అడుగుతున్నారు.

పోయిన నెల మలేషియా నించి ఒక నిపుణుడు మా తోటలు చూడ్డానికి వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. నిక్కరు వేసుకున్నాడు. కత్తిలాంటి ఇస్త్రీ మడత, తోలు బెల్టు, టక్కు. మేమంతా ప్యాంట్లలో చెమటలు కక్కుతూ ఆయన వెనకాల "సార్, సార్" అంటూ తిరిగాం. మోకాళ్ళు కనబడుతున్నా ఆయన గౌరవం ఏమీ తగ్గలేదు. నాకప్పుడే మనసులో పడింది.

కాబట్టి నాకొక నిక్కరు కుట్టి పంపు. గుడ్డ తేలిగ్గా ఉండాలి. శుభలేఖ పట్టుకుని గుమ్మంలో నిలబడితే పెద్దమనిషిలా కనబడాలి. చూసినవాడు లేచి నిలబడాలి గాని నవ్వకూడదు. ఇక్కడి దర్జీకి చెబితే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. నా కొలతలు నేనే పురికొసతో తీసి, ముడులు వేసి ఇందులో పెట్టాను. మొదటి ముడి నడుము, రెండోది తొడ, మూడోది పొడుగు.

మీ బావ,
చంద్రరావు


యానాం,
9-4-1998.

పూజ్యులైన బావగారికి,

వెంకటరాజు నమస్కారాలు. మోచెయ్యి తగ్గిందని తలుస్తాను. ఉత్తరం చింపలేదండి, క్షమించాలి. దేవకుమారికి రెండుసార్లు చదివి వినిపించి బీరువాలో దాచాను. ఎందుకంటే చెబుతాను.

మీ పెళ్ళై ఇరవై ఆరేళ్ళయింది. మా ఇంట్లో కుట్టిన గుడ్డ ఒక్కటంటే ఒక్కటి మీ ఒంటిమీదికి ఎక్కలేదు. పండక్కి పెడితే "ఉంచండి, తర్వాత చూద్దాం" అంటారు. మా అక్క ఆ బట్టలు పెట్టె అడుగున పెట్టి, పుట్టింటికి వచ్చినప్పుడు మా కళ్ళల్లోకి చూడకుండా మాట్లాడుతుంది. అలాంటిది ఇప్పుడు మీ అంతట మీరు "కుట్టి పంపు" అన్నారు. బావగారూ, అది నిక్కరైతేనేంటి, నాకు పట్టుపంచెతో సమానం. మీరు వేసుకుంటే చాలు, ఇంకేమీ వద్దు.

ఇక గుడ్డ సంగతి. మీరు అడగవలసిన మనిషినే అడిగారు. ఫ్రాన్సులో స్థిరపడ్డ మా యానాం వాళ్ళు సెలవులకి వచ్చినప్పుడల్లా నా దగ్గరే నిక్కర్లు కుట్టించుకుంటారు. టెర్రికాటన్ జోలికి పోవద్దు. మడత నలగదు గాని లోపల మనిషి ఉడికిపోతాడు. లినెన్ చల్లనే గాని, ఒకసారి కూర్చుని లేస్తే రాత్రంతా రైల్లో పడుకొచ్చినట్టుంటుంది. సన్ననూలుతో గట్టిగా నేసిన కాటనే మంచిది. పిడికిట్లో పట్టి పది అంకెలు లెక్కపెట్టి వదిలితే ముడతలు తమంతట తామే విచ్చుకోవాలి. దీపానికి అడ్డం పెడితే వెలుతురు కనబడాలి గాని దీపం కనబడకూడదు. గంజి అసలు పెట్టించకండి, గాలి ఆడదు.

పొడుగు మోకాలి చిప్పకి రెండు వేళ్ళు పైకి. ఇంకా పైకి పోతే బడిపిల్లల లాగు, కిందకి దిగితే గుడ్డ చాలక ఆపేసిన ప్యాంటు. ముందు రెండు కుచ్చిళ్ళు ఉండాలి. పొట్ట ఉన్నవాళ్ళకి కూర్చున్నప్పుడు అవే ఆదుకుంటాయి. రంగు ఖాకీ అయితే పాతకాలం కానిస్టేబులు, నీలమైతే స్కూలు, తెల్లదైతే ఆసుపత్రి కాంపౌండరు. నా ఓటు గంధం రంగుకి.

మీ పురికొస అందింది. దాని ప్రకారం మీ నడుము నలభై రెండు, తొడ కూడా నలభై రెండు. ఎక్కడో ముడి జారింది. ఫరవాలేదండి, మీ కొలత మా ఇంట్లో ఒకటుంది. దాన్ని పట్టుకుని ఈ వయసుకి కావలసింది కలుపుతాను. వారంలో పార్సిలు వస్తుంది.

విధేయుడు,
వెంకటరాజు


జంగారెడ్డిగూడెం,
22-4-1998.

చిరంజీవి వెంకటరాజుకి,

నీ చేతికి బంగారు కడియం తొడగాలిరా! పార్సిలు అందింది. వేసుకుని ఆరు రోజులైంది. పడుకునేటప్పుడు తప్ప విప్పడం లేదు.

మొదటి రోజు కొంచెం కష్టమైన మాట నిజం. ఒక ఇంటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటే, లోపల్నించి ఒకావిడ "మీటరు వెనకవైపుంది బాబూ, చూసుకెళ్ళు" అంది. నేను శుభలేఖ అండీ అంటే బిల్లు అనుకుని "ఆయనొచ్చాక రండి" అని తలుపేసింది. ఇంకో ఇంట్లో దోమల మందు కొట్టేవాడనుకుని వంటిల్లు ఖాళీ చేసి ఇచ్చారు. మూడో రోజుకి ఊరు అలవాటు పడింది. నిన్న సంఘం మీటింగుకి ఇలాగే వెళ్ళాను. ముందు గుసగుసలాడారు. కరెంటు పోయాక గంటసేపు అందరూ అట్టముక్కలతో విసురుకుంటూ నా మోకాళ్ళకేసి ఆశగా చూశారు.

నడుము దగ్గర ఎక్కడా పట్టదు, తొడ దగ్గర ఒరుసుకోదు. ఇంత హాయైన గుడ్డ నేను జన్మలో వేసుకోలేదు. ఇదేం మిల్లుదిరా? ఇప్పటి గుడ్డ ఇలా ఉండదు. ఒక్కటే లోపం. నడుము లోపలివైపు కొసన చిన్న పసుపు మరక ఉంది. కొట్లో కూరన్నం తింటూ కుడుతున్నావేంటి? నలుగురికీ కనబడే చోట కాదు గనక ఊరుకున్నాను.

మీ అక్కకి తెలిసిపోయింది, దాచడం నా వల్ల కాలేదు. గొడవ చేస్తుందనుకున్నాను. తీరా దగ్గరికొచ్చి గుడ్డ చేత్తో తడిమింది, నడుము పట్టీ తిప్పి చూసింది, లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. బాగా కోపం వచ్చినట్టుంది. అయితే ఒక వింత. చాకలికి వెయ్యకుండా రోజూ తనే ఉతికి, తనే ఇస్త్రీ చేస్తోంది. ఆడవాళ్ళ సంగతి నాకు అర్థం కాదు.

ఇలాంటివే ఇంకో ఐదు కుట్టు. పెళ్ళిపనుల్లో పనికొస్తాయి. అన్నట్టు పెనుగొండ వియ్యాలవారికి బట్టలు పెట్టడం మేనమామవి, నీ పని. పెళ్ళికి ముందు వెళ్ళి, పసుపు పెట్టి, బట్టలిచ్చి పిలిచి రావాలి కదా. వాళ్ళలో మగవాళ్ళు ఐదుగురు: వియ్యంకుడు వీరాస్వామిగారు, వాళ్ళ నాన్న అచ్చిబాబుగారు, ఇద్దరు తమ్ముళ్ళు, పెళ్ళికొడుకు గణేష్‌బాబు. కొలతల కాగితం ఇందులో పెట్టాను. వీరాస్వామిగారు రైసుమిల్లు ఓనరు, మర్యాద విషయంలో మహా పట్టింపు మనిషి. గుడ్డ దగ్గర లోపం రానివ్వకు.

మీ బావ,
చంద్రరావు


యానాం,
4-5-1998.

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. పెనుగొండ వెళ్ళి నిన్ననే తిరిగొచ్చాను. మీరు చెప్పినట్టే అంతా సవ్యంగా జరిగింది.

మీ ఉత్తరం చదివాక దేవకుమారికీ నాకూ మీ మనసు అర్థమైంది. మీరు హాయి పడ్డది వియ్యాలవారు కూడా పడాలని కదూ? నాకైతే చటుక్కున తట్టేది కాదు. వాళ్ళు ఐదుగురు, మీరు కుట్టమన్నవి ఐదు, కొలతలూ ఐదుగురివీ ఉన్నాయి. పగలంతా కొట్టు మూసి నేనొక్కణ్ణే కుట్టాను. గంధం రంగు, రెండు కుచ్చిళ్ళు, మోకాలికి రెండు వేళ్ళు పైకి. అచ్చం మీదాన్లాగే.

పెనుగొండలో అమ్మవారి దర్శనం చేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఐదు పీటలు వేయించి, ఐదుగుర్నీ తూర్పుకి కూర్చోబెట్టి, గుడ్డల కొసకి పసుపు పెట్టి ఐదు పళ్ళేలూ చేతికిచ్చాను. వీరాస్వామిగారు గుడ్డ తీసి, రెండు చేతులతో పైకి పట్టుకుని, చాలాసేపు చూశారు. మిగతా భాగం కోసం పళ్ళెంలో వెతికారు. అచ్చిబాబుగారికి ఎనభై రెండేళ్ళు. ఆయన "నన్ను మళ్ళీ బళ్ళో వేస్తారా?" అని అడిగారు. చాలా సరదా మనిషి. గణేష్‌బాబు దగ్గుతూ దొడ్లోకి వెళ్ళిపోయాడు.

చివరికి వీరాస్వామిగారు "ఇది ఎవరి ఆలోచనండి?" అన్నారు. నేను ఛాతీ విరుచుకుని "మా బావగారిదేనండి. వారు రోజూ ఇదే వేసుకుంటారండి" అన్నాను. ఆయన "సరే" అన్నారు. ఆ ఒక్క మాటే అన్నారు. సంతోషంతో ఎవరికీ నోటమాట రాలేదండి. నాకు కాఫీ ఇవ్వడం కూడా మర్చిపోయారు.

విధేయుడు,
వెంకటరాజు


జంగారెడ్డిగూడెం,
8-5-1998.

వెంకటరాజూ,

నీ మొహం మండ! నా కొంప తగలబెట్టావు కదరా!

ఆ ఐదు నిక్కర్లూ నాకురా! పెళ్ళిపనుల్లో రోజుకొకటి మార్చుకుందామని అడిగాను! వాళ్ళకి పెట్టమన్నది బట్టలు! ప్యాంటూ చొక్కా! పెద్దాయనకి పంచెల చాపు! పెళ్ళికి పద్దెనిమిది రోజులుందనగా వియ్యంకుడికి పీట వేసి లాగు పెట్టిన మేనమామ ఈ రెండు జిల్లాల్లో ఎవడైనా ఉన్నాడా?

నిన్న పెనుగొండ నించి ఫోను. వీరాస్వామిగారే. "పద్నాలుగో తారీఖున మేం ఐదుగురం వస్తున్నామండి. మాట్లాడాలి" అని పెట్టేశారు. "బావగారూ" అనలేదు. పెళ్ళికి వారం ముందు ఐదుగురు మగవాళ్ళు వచ్చి మాట్లాడేది ఏముంటుంది? తాంబూలాలు తిరిగి ఇచ్చేస్తారు. పావని అన్నం ముట్టడం లేదు. "నాన్నా, నీ నిక్కరు నా మెడకి చుట్టుకుంది" అంటోంది. నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

మీ ఇంటి కుట్టు నాకు అచ్చిరాదని ఇరవై ఆరేళ్ళ కిందటే తెలుసుకున్నాను. మళ్ళీ బుద్ధి గడ్డితిని అడిగాను. నీ నిక్కరు విప్పేశాను. ఇక దాన్ని తాకను. వెనక్కి పంపుతాను, పార్సిలు కట్టమని మీ అక్కకిచ్చాను. ఆవిడ కట్టలేదు. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నన్ను ఏం చెయ్యాలనుకుంటున్నారో చెయ్యండి.

చంద్రరావు


యానాం,
12-5-1998.

బావగారికి,

నమస్కారాలు. ఉత్తరం అందింది. తప్పు నాదే. ఐదుగుర్ని చూసి ఆ ఐదూ వాళ్ళకే అనుకున్నాను. పద్నాలుగున నేను కూడా రావాలనుకున్నాను గాని, నా మొహం చూస్తే వాళ్ళ కోపం పెరుగుతుందని దేవకుమారి ఆపింది. పావని పెళ్ళి ఆగితే నేను మళ్ళీ కత్తెర పట్టను.

కాని మీరు వెనక్కి పంపుతానన్నది మాత్రం నేను తీసుకోలేను. అది నేను కుట్టింది కాదు.

మీ పెళ్ళిలో మా నాన్న చిట్టియ్యగారు మీకు బట్టలు పెట్టారు. గుర్తుండే ఉంటుంది. కొట్లోకి వచ్చిన తానుల్లో అన్నిటికన్నా మంచి కాటను తీసి, ఎవరినీ మిషను ముట్టుకోనివ్వకుండా, తనే నాలుగు రోజులు కూర్చుని ప్యాంటు కుట్టారు. అప్పుడప్పుడే వస్తున్న బెల్‌బాటం. జంగారెడ్డిగూడెంలో మా అల్లుడే మొదట వేసుకోవాలని ఆయన సరదా. పీట మీద మిమ్మల్ని కూర్చోబెట్టి, నడుము కొసకి పసుపు పెట్టి ఇచ్చారు. మీరు విప్పి చూసి "ఇదేంటి, రెండు గోనెసంచులు కలిపి కుట్టారా?" అని పీట మీంచి లేచిపోయారు. అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వారు. ఆ ప్యాంటు మడత పెట్టి ఆయన చేతికిచ్చింది నేనే.

రెండేళ్ళకి మీరు రాజమండ్రిలో బెల్‌బాటం కుట్టించుకుని మా ఇంటికి వచ్చారు. మా నాన్న వీధరుగు మీదే ఉన్నారు. కిందనించి పైదాకా చూసి "బాగుందండి అల్లుడుగారూ" అన్నారు. లోపలికొచ్చి నీళ్ళు తాగారు. పోయేదాకా దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు. ప్యాంటు మాత్రం ఎవరికీ ఇవ్వనివ్వలేదు.

మీ కొలత మా ఇంట్లో ఉందని రాశాను చూడండి, అదే ఇది. మీ ఉత్తరం రాగానే ఇదే తీశాను. మోకాళ్ళ దగ్గర కోశాను. బెల్‌బాటం గనక కింద గుడ్డ బోలెడుంది. ఆ గుడ్డే నడుముకి రెండు వైపులా వేసి వదులు చేశాను. ఇప్పటి గుడ్డ ఇలా ఉండదని రాశారు. నిజమేనండి. మీరు కూర మరకన్నది మా నాన్న పెట్టిన పసుపు. అక్క దాన్ని చూసే గుర్తుపట్టి ఉంటుంది.

మీకు చెప్పకూడదనే అనుకున్నాను. ఆరు రోజులు విప్పలేదని రాశారు కదా, మా నాన్నకి అది చాలు. ఇక మీ ఇష్టం.

వెంకటరాజు


జంగారెడ్డిగూడెం,
15-5-1998.

ఒరేయ్ వెంకటరాజూ,

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. అరుగు మీద నిలబడి చదివాను. చదివాక కూర్చున్నాను. మళ్ళీ లేచేలోపలే వీధిలో జీపు ఆగింది.

ముందు అచ్చిబాబుగారు దిగారు. తర్వాత తమ్ముళ్ళు, పెళ్ళికొడుకు, ఆఖర్న వీరాస్వామిగారు. ఐదుగురికి ఐదుగురూ నిక్కర్లలో ఉన్నారురా! టక్కు చేసి, బెల్టులు పెట్టి, మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాగి దిగారు. వీధి వీధంతా బయటికొచ్చింది. మీటరు వెనకవైపుందన్న ఆవిడ కూడా వచ్చి, ఈసారి కరెంటాఫీసు మొత్తం దిగిందనుకుని ఇంట్లోకి పరిగెత్తింది.

నేను చేతులు జోడించి "బావగారూ, పొరపాటు జరిగిపోయిందండి" అని మొదలుపెట్టాను. ఆయన నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. "పొరపాటో, మీ వైపు పద్ధతో మాకు తెలీదండి. పెళ్ళికూతురి మేనమామ పీట వేసి, పసుపు పెట్టి ఇచ్చిన గుడ్డ. కాదంటే ఆ మనిషి ఎంత చిన్నబుచ్చుకుంటాడు? మా ఇళ్ళల్లో అలా చెయ్యరండి" అన్నారు.

"అవునండి, చెయ్యరండి" అన్నాను. నీ ఉత్తరం నా చేతిలోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాననుకో. వాళ్ళు నిక్కరు వేసుకుని మన మర్యాద నిలబెడితే, నేను పంచె కట్టుకుని నిలబడ్డాను.

లోపలికి వెళ్ళాను. అడక్కుండానే మీ అక్క తాళంచెవి చాపింది. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "చెబితే విప్పేస్తారని చెప్పలేదు" అంది. ఆవిడ ముందే తొడుక్కున్నాను. బొత్తాం తనే పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ "పొట్ట లోపలికి" అంది.

తర్వాత ఆరుగురం అరుగు మీద వరసగా కూర్చుని తాటిముంజలు తిన్నాం. వాళ్ళు మాట్లాడాలన్నది దేనికనుకున్నావు? ఒకటి, వీరాస్వామిగారి తమలపాకుల డబ్బా జేబులో పట్టడం లేదట. రెండు, అచ్చిబాబుగారికి నడుముకి ఎలాస్టిక్ వేస్తే బాగుంటుందట. మూడు, మగపెళ్ళివారు ఇలా వస్తే ఎదురుకోలుకి ఆడపెళ్ళివారు కూడా ఇలాగే రావాలట, లేకపోతే సమానంగా ఉండదట. సరేనన్నాను. జీపు టాపు తీసేసి వచ్చారేమో, దార్లో గాలికి ప్రాణం లేచొచ్చిందంటున్నారు. పావని రెండుపూటలా తింటోంది, మమ్మల్ని చూసి నవ్వి నవ్వి మళ్ళీ తింటోంది.

కన్యాదానానికి పట్టుపంచె తప్పదు. ఎదురుకోలుకి మాత్రం ఇదే.

నీకు రాసిన పాడు మాటలకి నన్ను క్షమించమని అడుగుతున్నాను. నీకంటే పెద్దవాణ్ణే, అయినా అడుగుతున్నాను. మావయ్యగారిని అడగడానికి ఇప్పుడు ఆయన లేరు. ఆ రోజు ఆయన నవ్వుతూనే ఉన్నారు కదా అని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మీరు రెండు రోజులు ముందే రండి. నువ్వు నాకొక పని చేసిపెట్టాలి. నేను ఈ నిక్కరు ఉతికించి, మడత పెట్టి నీ చేతికిస్తాను. నువ్వు పళ్ళెంలో పెట్టి, నలుగురి ముందు నాకు మళ్ళీ పెట్టాలి. పీట నేనే వేసుకుని కూర్చుంటాను. నువ్వు పెట్టేదాకా లేవను.

మీ బావ,
చంద్రరావు

తా.క. పసుపు మాత్రం కొత్తది పెట్టకు. మావయ్యగారు పెట్టింది ఉంది కదా, ఇంకా పోలేదు.